చెప్పులు ఎక్కడ విడవాలండీ?

రండి, ఇట్లా కూచోండి. కబుర్లకు కుంపటి సెగ తగులుతుంటే బాగుంటుందంటారు గానీ, మా నెల్లూరులో కుంపటి కావలసినంత చలి ఏడాదికి నాలుగు రాత్రులు కూడా ఉండదు. అందుకని నేను చెప్పబోయే చలి లండన్‌ది. 2006 సెప్టెంబరులో ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లి ఏడాదికి పైగా ఆ ఊళ్లో ఉన్నాను. అప్పుడు చదివిన పాఠాల్లో సగం ఇప్పుడు గుర్తు లేవు. ఎక్కడెక్కడ చెప్పులు విప్పానో, ఎక్కడ విప్పకుండా కూచున్నానో మాత్రం ఒక్కొక్కటీ చెప్పగలను.

మొదటిది వెస్ట్‌మినిస్టర్ అబ్బే. 1066 నుంచి ఇంగ్లండు రాజులకు పట్టాభిషేకాలు జరుగుతున్న గుడి అది. చూడటానికి వెళ్తే టికెట్టు కొనాలి, సాయంకాలం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు వెళ్తే టికెట్టు లేదు. చేతిలో లెక్కపెట్టిన పౌండ్లున్న విద్యార్థికి ఆ తేడా పెద్దది. గుమ్మంలో నల్ల గౌను తొడుక్కున్న పెద్దాయన నిలబడి ఉన్నాడు. నాకు అలవాటైన ప్రశ్నే అడిగాను: చెప్పులు ఎక్కడ విడవాలండీ అని. ఆయన నవ్వలేదు. కిందికి, నా బూట్ల వైపు చూసి, "ఉంచుకో అమ్మాయ్, రాయి చల్లగా ఉంటుంది. కానీ అదిగో, ఎర్రపూలు చుట్టూ పెట్టిన ఆ రాయి మీద మాత్రం అడుగు వెయ్యకు" అన్నాడు.

ఆ గుడి నేలంతా సమాధులే. న్యూటన్ రాయి, డార్విన్ రాయి కూడా కాళ్ల కిందే ఉన్నాయి. జనం వాటి మీదుగా బూట్లతో నడిచిపోతున్నారు. నా ప్రాణం విలవిల్లాడింది. ఎర్రపూల రాయి కింద ఉన్నది మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన ఒక సైనికుడు. పేరు తెలియదు, ఊరు తెలియదు. 1920 నవంబరు 11న అక్కడ పాతిపెట్టారు. అంతమంది మహామహుల రాళ్ల మీద నడవచ్చు గానీ, పేరైనా తెలియని ఆ ఒక్క మనిషి రాయిని ఎవ్వరూ తొక్కకూడదు. పిల్లల గొంతులు పైకప్పు దాకా లేచి పాడుతున్నంతసేపూ నేను ఆ రాయినే తలుచుకుంటున్నాను. నన్నడిగితే, ఒక మతం గురించి పుస్తకంలో మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రావడం తలకిందుల పని. గడప దగ్గర నిలబడ్డ మనిషిని 'నా కాళ్లనీ చేతుల్నీ ఏం చెయ్యాలి' అని అడగాలి. ఆ మనిషి చెప్పే ఒక్క మాటలో వాళ్లు దేన్ని అన్నిటికంటే పెద్దదిగా చూసుకుంటున్నారో తెలిసిపోతుంది.

ఈ అడగడం నాకు మా అవ్వ నేర్పింది. అవ్వకు గుడీ దర్గా రెండూ మొక్కే చోట్లే. ఏటా మొహర్రంకి మా ఊరి స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా పక్కన, రొట్టెల పండుగ జరుగుతుంది. బారా అంటే పన్నెండు. పన్నెండు మంది వీరుల సమాధులు అక్కడున్నాయి. కోరిక ఉన్నవాళ్లు చెరువులో దిగి, ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుంటారు. అది ఫలిస్తే మరుసటేడు తామే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె. ఇచ్చేవాళ్లది ఏ మతమని తీసుకునేవాళ్లు అడగరు. 2006 ఫిబ్రవరిలో నేను నడుముల్లోతు నీళ్లలో నిలబడి, ముందెన్నడూ చూడని ఒకావిడ దగ్గర చదువు రొట్టె తీసుకున్నాను. సెప్టెంబరులో విమానం ఎక్కాను. అంటే మరుసటి మొహర్రంకి నేను ఊళ్లో ఉండను, రొట్టె బాకీ ఉండిపోతుంది. బయల్దేరేటప్పుడు అవ్వ చెప్పిన చివరి మాట అదే: "అమ్మణ్ణీ, రొట్టె బాకీ మర్చిపోబాకు."

ఆ బాకీ తలలో తిరుగుతుండగానే అక్టోబరులో ఒక ఆదివారం పడమటి లండన్‌లోని సౌతాల్ వెళ్లాను. అక్కడ అప్పటి హేవ్‌లాక్ రోడ్డు మీద గురుద్వారా ఉంది. (హేవ్‌లాక్ అనగానే మీకు రాజమండ్రి గోదావరి మీది పాత వంతెన గుర్తొస్తుంది. ఇద్దరూ ఒకరు కాదు. వంతెన పేరు మద్రాసు గవర్నరుది. ఈ రోడ్డుకు అప్పుడున్న పేరు 1857 తిరుగుబాటును అణచడానికి పోరాడిన సేనాపతిది. అలాంటివాడి పేరున్న వీధిలో పంజాబీలు బంగారు గుమ్మటం ఎత్తి నిలబెట్టారు.) 2003లో తెరిచారు దాన్ని. తలుపు దగ్గర తెల్లగడ్డం తాతగారు కూచుని ఉంటే నా ప్రశ్న నేను అడిగాను. చెప్పుల అర చూపించి, బుట్టలోంచి ఒక రుమాలు తీసి ఇచ్చి, "తల కప్పుకో బేటీ. లోపలికెళ్లి మత్థా టేకు, నేలకు నుదురు ఆనించు. అయ్యాక తినకుండా మాత్రం వెళ్లకు" అన్నారు.

లోపల విగ్రహం లేదు. ఎత్తయిన పీఠం మీద, చాందినీ కింద, పట్టుబట్టల్లో గురు గ్రంథ్ సాహిబ్ ఉంది. వెనక ఒకరు వింజామర వీస్తున్నారు. పుస్తకానికి రాజోపచారం! రాత్రికి దాన్ని తలమీద పెట్టుకుని మోసుకెళ్లి, విడి గదిలో పరుపు మీద పడుకోబెడతారట. నాకు తిరుమల ఏకాంతసేవ గుర్తొచ్చింది. పవళించబోయే స్వామికి తాళ్లపాకవారి లాలి పాడతారు కదా, అది. గ్రంథాన్ని నిద్రపుచ్చేవాళ్లనీ, స్వామిని నిద్రపుచ్చేవాళ్లనీ ఒక గదిలో కూచోబెడితే మాట్లాడుకోవడానికి భాష అవసరం ఉండదేమో అనిపించింది.

ఇక లంగరు, అంటే గురుద్వారాలో అందరికీ పెట్టే భోజనం. దీని గురించి తొందరపడకుండా చెప్పాలి. పెద్ద హాలు, నేల మీద పొడుగాటి పట్టాలు పరిచి ఉన్నాయి. డాక్టరులాగా ఉన్నాయన పక్కన బస్సు డ్రైవరు యూనిఫారంలో ఒకాయన, ఆయన పక్కన గట్టిగా ఆకలితో ఉన్నట్టు కనబడుతున్న ఒక తెల్ల కుర్రాడు, వాడి పక్కన నేను. స్టీలు పళ్లెంలో పప్పు, కూర, పాయసం వేసుకుంటూ పోతున్నారు. రొట్టెలు పంచే పెద్దాయన నా ముందుకొచ్చినప్పుడు నేను ఒక చెయ్యి చాపాను. ఆయన ఆగాడు. రెండు చేతులూ దోసిలి పట్టమని సైగ చేశాడు. పట్టాను. వేడి రొట్టె దోసిట్లో పడింది.

అప్పుడు నాకు ఏడుపొచ్చిందండీ. ఎందుకో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఎనిమిది నెలల కిందట చెరువు నీళ్లలో కూడా రెండు చేతులూ దోసిలి పట్టే తీసుకున్నాను.

వాళ్లు ఆ వరసను పంగత్ అంటారు. మన పంక్తే అది. పంక్తి భోజనమంటే మనకు పెళ్లిళ్లూ, అరిటాకులూ గుర్తొస్తాయి. కానీ అవ్వ పుట్టిన ఊళ్లో పంక్తి అంటే ఎవరి పక్కన ఎవరు కూచోకూడదో నిర్ణయించే గీత. కొందరికి పంక్తే లేదు, అందరూ తిన్నాక దూరంగా పెట్టేవాళ్లు. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా అవ్వ గొంతు తగ్గిపోయేది. గురునానక్ మొదలుపెట్టిన లంగరును మూడో గురువు అమర్‌దాస్ ఇంకా గట్టిపరిచారు. నన్ను చూడాలంటే ముందు పంక్తిలో కూచుని తినాలి అన్నారట. అక్బరు పాదుషా కూడా అట్లాగే కూచుని తిన్నాడని వాళ్లు చెప్పుకుంటారు. మన మాటే, మనలాగా నేల మీద కూచోవడమే. అదే మాటను వాళ్లు గీత చెరిపెయ్యడానికి వాడారు. ఈ విషయంలో మనం వాళ్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉందని నేను ఇప్పటికీ గట్టిగా నమ్ముతాను.

భోజనమయ్యాక వంటింటి వైపు వెళ్లి, నేనూ రొట్టెలు చెయ్యొచ్చా అని అడిగాను. ఒక పెద్దావిడ చేతులు కడుక్కునే చోటు చూపించి అప్పడాల కర్ర చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆ ఏడాదిలో చాలా ఆదివారాలు అక్కడే గడిచాయి. 2007 జనవరి ఆఖర్లో మొహర్రం వచ్చింది. ఆ వారం రొట్టెలు వత్తుతూ, 'ఇది బాకీ తీరినట్టేనా' అని నన్ను నేనే అడిగాను. ఫోనులో అవ్వను కూడా అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "వడ్డీ తీరింది. అసలు చెరువులోనే" అంది.

ఇప్పుడు మిమ్మల్ని బ్రిక్ లేన్‌కి తీసుకెళ్తాను. తూర్పు లండన్‌లో, ఫోర్నియర్ వీధి మూల మీద ఇటుకల కట్టడం ఒకటుంది. 1743లో దాన్ని ఫ్రాన్సునుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు కట్టారు. హ్యూగెనాట్లంటారు వాళ్లని. 1685లో ఫ్రెంచి రాజు వాళ్ల మతస్వేచ్ఛను రద్దు చేస్తే ఓడలెక్కి ఇక్కడికి చేరారు. పట్టు నేతగాళ్లు. వెలుతురు కోసం ఇళ్ల పై అంతస్తులో పొడుగాటి కిటికీలు పెట్టుకుని అక్కడ మగ్గాలు వేసుకున్నారు, ఆ కిటికీలు ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న వెంకటగిరిలో మగ్గం గుంటలో ఉంటుంది, నేతగాడు కాళ్లు గుంటలో పెట్టుకుని నేస్తాడు. వీళ్లు ఆకాశం పక్కన కూచుని నేశారు. నేతగాళ్ల పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లిపోయాక 1819లో అది మెథడిస్టుల ప్రార్థనాలయమైంది. 1890ల చివర్లో, రష్యా సామ్రాజ్యంలో ఊచకోతలు తప్పించుకుని వచ్చిన యూదులు దాన్ని సినగాగ్ చేసుకున్నారు. వాళ్లు కూడా బాగుపడి ఉత్తరం వైపు పేటలకు మారిపోయాక, సిల్హెట్ నుంచి వచ్చిన బెంగాలీ ముస్లిములు 1976లో మసీదు చేశారు.

ఒకే గడప, వేర్వేరు దేశాల కాళ్లు! వలస వచ్చినవాళ్లలో చాలామంది బీదవాళ్లే. చాలామంది కుట్టుపనో నేతపనో చేసుకుని బతికినవాళ్లే. గోడ పైభాగాన 1743 నాటి నీడ గడియారం ఉంది. ఎన్ని ప్రార్థనలు మారినా దాన్ని ఎవరూ పీకెయ్యలేదు. ఆ గుమ్మంలో అత్తరు, టోపీలు అమ్ముతున్న ఒకాయన్ని అడిగితే, "ఇక్కడ ఆడవాళ్లకు లోపల చోటు తక్కువమ్మా, వైట్‌చాపెల్ వెళ్లు" అని దారి చెప్పాడు. చిన్నబుచ్చుకోలేదు నేను. అడిగినప్పుడు కాదనిపించుకోవడం కూడా ఆ అడగడంలో భాగమే.

వైట్‌చాపెల్‌లోని ఈస్ట్ లండన్ మసీదుకు గోడకు గోడ ఆనుకుని అప్పట్లో ఒక చిన్న సినగాగ్ ఉండేది. ఫీల్డ్‌గేట్ వీధి పెద్ద సినగాగ్ అనేవాళ్లు. వచ్చే యూదులు తగ్గిపోయి మూతపడ్డాక, 2015లో పక్క మసీదు వాళ్లే దాన్ని కొన్నారు. నేను చూసేనాటికి మాత్రం రెండూ భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నాయి. ఆ దృశ్యం నా కళ్లలో అట్లాగే ఉండిపోయింది.

అక్కణ్ణించి నడిచి వెళ్లేంత దూరంలో బెవిస్ మార్క్స్ సినగాగ్. 1701లో కట్టింది. స్పెయిన్, పోర్చుగల్‌ల నుంచి తరిమివేతకు గురైన యూదుల సంతతివాళ్లది. అక్కడ చెప్పులు విప్పనక్కర్లేదు, మగవాళ్లు తల కప్పుకోవాలి. అంటే మన లెక్కకు సరిగ్గా వ్యతిరేకం. మా తాత గుళ్లోకి వెళ్తూ తలపాగా తీసేవాడు, ఇక్కడ దేవుడి ముందు ఖాళీ తలతో నిలబడటం తప్పు. ఏడు ఇత్తడి దీపవృక్షాలు పైనుంచి వేలాడుతుంటాయి, వారానికున్న ఏడు రోజులకూ గుర్తుగా. పండగలకూ పెళ్లిళ్లకూ ఇప్పటికీ వాటిలో కొవ్వొత్తులే వెలిగిస్తారు. అది కట్టిన మేస్త్రి జోసెఫ్ ఏవిస్ యూదుడు కాదు, క్వేకర్లనే క్రైస్తవ శాఖవాడు.

ఆ క్వేకర్లెవరో చూడాలనిపించింది. మా కాలేజీకి దగ్గర్లోనే, యూస్టన్ రోడ్డు మీద వాళ్ల ఫ్రెండ్స్ హౌస్ ఉంది. ఒక ఆదివారం వెళ్లి గుమ్మంలో ఆవిణ్ణి అడిగాను, ఏం చెయ్యాలని. "ఏమీ చెయ్యకు, కూచో" అంది. గంటసేపు కూచున్నాం. పూజారి లేడు, పాట లేదు, పటం లేదు, దీపం లేదు. ఎవరికైనా లోపలినుంచి మాట పుడితే లేచి చెప్తారు. ఆ రోజు ఎవరికీ పుట్టలేదు. చివరికి పక్కవాళ్లతో చేతులు కలిపి లేచాం. అంతే. అంత నిశ్శబ్దం నేను మా ఊరి గుళ్లో ఎన్నడూ ఎరగను, నాకు గంట మోగకపోతే గుడికి వెళ్లినట్టుండదు. అయినా ఆ గంటసేపట్లో ఇంటి మీది బెంగ కొంత దిగింది.

రీజెంట్స్ పార్కు మసీదు సంగతి కూడా చెప్పాలి. 1977లో పూర్తయిన ఆ బంగారు గుమ్మటాన్ని గీసిన ఫ్రెడరిక్ గిబ్బర్డే లివర్‌పూల్‌లో కేథలిక్కుల పెద్ద చర్చిని కూడా గీశాడు. నా ఓణీ జారిపోతుంటే, ముక్కూముఖమూ ఎరగని ఒకావిడ పిన్ను తీసి సర్ది, మేడమీది ఆడవాళ్ల చోటుకు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. లండన్‌లో మసీదు కట్టడానికి అంతకు చాలా ముందే మన హైదరాబాదు నిజాం అరవై వేల పౌండ్లు ఇచ్చారు. 1937లో ఆయన కొడుకు ఆజం జా వెళ్లి పునాదిరాయి కూడా వేశారు. ఆ నిజామియా మసీదు లేవలేదు. ఆవిడకు ఆ కథ చెప్తే, "అయితే నువ్వు మా ఇంటి పిల్లవే" అంది. వింబుల్డన్‌లో థాయిలాండు వాళ్ల బౌద్ధాలయానికీ, నీస్డెన్‌లో స్వామినారాయణ మందిరానికీ కూడా వెళ్లాను. 1995లో తెరిచిన ఆ మందిరానికి రాళ్లను ఇండియాకు పంపి చెక్కించి, 26,300 ముక్కలుగా ఓడల్లో లండన్‌కు తెప్పించి అమర్చారు. అక్కడ నా ప్రశ్న అడగక్కర్లేకపోయింది. కాళ్లకే తెలిసిపోయింది.

కాళ్లకు తెలిసి కూడా ఏం చెయ్యాలో తెలియని చోటు ఇంకొకటి ఉంది. దాని గురించి చెప్పకుండా ఈ కబుర్లు ముగించలేను.

బ్రిటిష్ మ్యూజియం మా కాలేజీ నుంచి పది నిమిషాల నడక. 33ఎ గదిలో, అద్దాల వెనక, మన అమరావతి ఉంది. కృష్ణ ఒడ్డున మహాస్తూపానికి చుట్టిన పలకలు, స్తంభాలు, నూటికి పైగా. పల్నాటి రాయి. 1790ల్లో వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతిలో పట్నం కడుతున్నప్పుడు జనం ఆ దిబ్బను రాయి కోసం, ఇటుక కోసం తవ్వుకున్నారు. సంగతి తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ వచ్చి చూసి, తర్వాత బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఎలియట్ తవ్వించి రాళ్లు మద్రాసుకు చేర్చాడు. 1859లో ఓడెక్కాయి. 1880లో ఈ మ్యూజియానికి చేరాయి. కొన్నిటిని మనమే పోగొట్టుకున్నాం, కొన్నిటిని వాళ్లు పట్టుకుపోయారు. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి రెండోది దాచడం నాకు చేతకాదు.

ఒక పలక ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. దాని మీద రెండు పాదాలు, అరికాళ్ల నడుమ ధర్మచక్రం. బుద్ధపాదాలు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కడానికి ఇంకా మనసొప్పని రోజుల్లో, పాదాలు చెక్కి, ఖాళీ ఆసనం చెక్కి, ఆయన ఇక్కడే ఉన్నాడనుకున్నారు ఆ శిల్పులు. రెండువేల ఏళ్ల నాటి మన నేల మనుషులు ఎందరు ఆ పాదాలకు తల ఆనించి ఉంటారో! మా అవ్వలాంటి అవ్వలు ఎందరో. వాళ్లందరూ చెప్పులు విడిచే వచ్చి ఉంటారు.

గదిలో జనం బూట్లతో తిరుగుతున్నారు. గడప లేదు. అడగడానికి గడప దగ్గర మనిషి లేడు. ఉన్నది మూల కుర్చీలో కూచున్న కాపలాదారు. ఆయనకు చెప్పుల సంగతితో పని లేదు. ఇన్ని నెలలుగా ప్రతి గుమ్మంలో అడుగుతూ వచ్చిన ప్రశ్న అడగడానికి, అడగక తప్పని చోట, ఎవరూ లేకపోయారు. నేను వంగి బూట్ల తాళ్లు విప్పాను. రెండు బూట్లూ పక్కన పెట్టి, మేజోళ్లతో, చేతులు జోడించి ఒక నిమిషం నిలబడ్డాను. కాపలాదారు చూశాడు. చూసి తల కిటికీ వైపు తిప్పుకుని, నేను మళ్లీ తాళ్లు కట్టుకునేదాకా అట్లాగే ఉన్నాడు. ఆయనకు నేను థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

2007 చివర్లో ఇంటికొచ్చాను. 2008 జనవరిలో మొహర్రం. తెల్లవారుజామున అవ్వ గోధుమ పిండి కలిపితే నేను వత్తాను. నా చేతివాటం చూసి, "ఎవరు నేర్పారు మే ఇంత గుండ్రంగా?" అంది. సౌతాల్ పెద్దావిడ గురించి చెప్పాను. పేరు అడిగింది. నేను ఏనాడూ ఆవిడ పేరు అడగలేదని అప్పుడు తెలిసింది నాకు.

స్వర్ణాల చెరువు గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. అవ్వ మోకాళ్లు నీళ్లలోకి దిగనివ్వవు. నేను దిగి, తడిచిన ఓణీతో రొట్టె ఎత్తి పట్టుకుని నిలబడ్డాను. పదహారు పదిహేడేళ్ల పిల్ల ఒకతి నీళ్లు తోసుకుంటూ వచ్చింది.

"ఏం రొట్టె అక్కా?"

"చదువు రొట్టె."

"తీరిందా?"

"తీరింది."

ఒక చెయ్యి చాపింది. నేను ఆగి, దోసిలి పట్టమన్నాను. పట్టింది. రొట్టె పెట్టి వెనక్కి తిరిగి చూస్తే, గట్టు మీద ఆ తొక్కిసలాటలో అవ్వ నా చెప్పులు పక్కన పెట్టుకుని, వాటి మీద చెయ్యి వేసి కూచుని ఉంది.